రెండెకరాల పది గుంటలు, పదో తరగతి ప్రమేయాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ వృత్తికి సంబంధించిన సంగతి ఏదైనా చెప్పు, కాని అందరికీ అర్థం కావాలె" అని సంఘం వాళ్లు నాకు షరతు పెట్టిండ్రు. నేను సివిల్ ఇంజనీరును. కాలువల పనుల్లో, భూసేకరణ పట్టికల్లో ముప్ఫై ఏండ్లు గడిపిన. కాలువల గురించి చెప్పేవాళ్లు పాలమూరులో నాకంటె అనుభవజ్ఞులు ఇంటికొకరు ఉన్నరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మనవాళ్ల చెమట చుక్క అక్కడ ఉంటది. అందుకని ఈ రోజు కాలువల గురించి కాకుండా, ఆ కాలువల లెక్కలు చేయడానికి నేను వాడే పనిముట్టు గురించి చెప్పదల్చుకున్న. ఆ పనిముట్టు మూలం ఈ బడిలోనే, పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉంది. "ప్రమేయాలు" అనే పాఠం గుర్తుందా? ఇప్పటి పిల్లలకు అది ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో వస్తున్నది. మన కాలంలో పదిలోనే ఉండేది.

ఆ పాఠంలో నిర్వచనం మా సారు మాతో పదిసార్లు అప్పజెప్పించిండు. ప్రదేశంలోని ప్రతి మూలకానికీ సహప్రదేశంలో ఒకే ఒక ప్రతిబింబం ఉండాలి. అట్లుంటేనే అది ప్రమేయం. ఇందులో రెండు మాటలు గట్టిగా పట్టుకోండి: ఒకటి "ప్రతి", రెండోది "ఒకే ఒక". ఈ ప్రసంగమంతా ఆ రెండు మాటల మీదనే.

ముందు సమస్య చెప్త. మన తెలంగాణలో భూమి లెక్క ఎకరాలు, గుంటలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. రెండెకరాల పది గుంటలను కాగితం మీద 2.10 అని రాస్తరు, లేదంటే 2-10 అని రాస్తరు. రైతుకు, పట్వారీకి, మనకు అందులో గందరగోళం లేదు. చుక్కకు ఎడమవైపు ఎకరాలు, కుడివైపు గుంటలు. అది దశాంశ బిందువు కాదు.

ఇప్పుడు దీన్ని కంప్యూటర్లో ఎక్సెల్ షీటులో కొట్టి చూడండి. 2-10 అని కొడితే అది అక్టోబర్ 2 అయిపోతది. గాంధీ జయంతి వస్తది కాని పొలం పోతది. సర్వే నంబరు 12/3 అని కొడితే మార్చి 12 అయితది. 2.10 అని కొడితే చివరి సున్నాకు విలువ లేదని యంత్రం తీసేసి 2.1 చూపిస్తది. ఆ షీటు ఇంకొకరి చేతికి పోయి, వాళ్లు దాన్ని "రెండెకరాల ఒక గుంట" అని చదివితే తొమ్మిది గుంటలు మాయం. తొమ్మిది గుంటలంటే 1,089 గజాలు. కొత్తకోటలో రోడ్డు పక్కన అంత జాగా ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే ఆ విలువ ఎంతో వాళ్లనే అడగండి.

కూడిక ఇంకా ప్రమాదం. ఒక రైతుకు రెండు తునకలున్నయి, ఒకటి 2.10, రెండోది 1.35. యంత్రం కూడి 3.45 అంటది. దాన్ని దశాంశంగా తీసుకుంటే 138 గుంటలు. అసలు లెక్క ఏంది? 90 గుంటలు, 75 గుంటలు కలిపితే 165 గుంటలు, అంటే నాలుగెకరాల ఐదు గుంటలు. ఇరవై ఏడు గుంటలు తగ్గిపోయినయి. ఎవరూ దొంగతనం చేయలేదు, లంచం తీసుకోలేదు. యంత్రం చెడిపోలేదు కూడా. దానికి చెప్పిన పని అది సక్కగానే చేసింది. 2.10 అనేది ఎటువంటి వస్తువో దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇది మన ఊరి సమస్యే అనుకోకండి. జన్యు శాస్త్రవేత్తలకు కూడా ఇదే తిప్పలు. సెప్ట్ 1, మార్చ్ 1 వంటి పేర్లున్న జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, చివరికి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చింది. శాస్త్రవేత్తలు జన్యువు పేరు మార్చుకోగలిగిండ్రు. రైతు తన సర్వే నంబరు మార్చుకోలేడు కదా!

మన ప్రాంతంలో ఈ లెక్కల అవసరం ఎంతో మీకు తెలుసు. జూరాల అయిపోయిన తర్వాత, 2004 నుంచి జలయజ్ఞంలో భీమా, కల్వకుర్తి, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు మొదలైనయి. భీమా రెండో లిఫ్టు కింద మన మండలంలోనే కానాయపల్లి దగ్గర శంకరసముద్రం జలాశయం వచ్చింది. కాలువ పోయే ప్రతి చోటా ఒక పట్టిక ఉంటది: రైతు పేరు, సర్వే నంబరు, మొత్తం విస్తీర్ణం, కాలువలో పోయేది, మిగిలేది. ఒక పట్టికలో వందల వరుసలు ఉంటయి. ఒకే పట్టిక పది చోట్ల నుంచి పది రకాలుగా కొట్టి వస్తది. వాటిని కలిపి, సరిచూసి, మొత్తాలు తీయాలె. చేత్తో చేస్తే వారం పడుతది. అందుకని ఇటువంటి పనులకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకుంటం. వీటినే స్క్రిప్టులు అంటరు. పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు, వంద వరుసలు కూడా ఉండవు. వంటింట్లో కత్తిపీట ఎట్లనో, మాకు స్క్రిప్టు అట్ల.

స్క్రిప్టులు రాయడానికి చాలామంది పైథాన్ వాడుతరు, ఎక్సెల్ మాక్రోలు వాడుతరు. నేను ఫంక్షనల్ భాష వాడుత. తెలుగులో చెప్పాలంటే "ప్రమేయాల భాష". ఈ దారి నాకు కొత్తగా దొరికింది కాదు. నా వయసు డ్రాఫ్ట్‌మన్లు, ఇంజనీర్లు చాలామంది తెలియకుండానే ఈ దారిలో నడిచినవాళ్లే. ఆటోక్యాడ్‌లో 1986 నుంచి ఆటోలిస్ప్ అనే చిన్న భాష ఉంది. 1990లలో హైదరాబాద్ డ్రాయింగ్ ఆఫీసుల్లో కాలువ అడ్డుకోతలు గీయాలంటే, ప్రతి 25 మీటర్లకు ఒక బొమ్మ, కిలోమీటరుకు నలభై బొమ్మలు. ఆటోలిస్ప్‌లో ఒక్క బొమ్మ గీసే ప్రమేయం రాసి, లెవెళ్ల జాబితా మొత్తానికి దాన్ని వర్తింపజేస్తే కిలోమీటరు బొమ్మలు టీ తాగి వచ్చేలోపు తయారయ్యేవి. కుండలీకరణాలు లెక్కపెట్టుకోలేక కండ్లు తిరిగేవి, అది వేరే సంగతి.

ఆ లిస్ప్ భాషను జాన్ మెకార్తీ అమెరికాలోని ఎంఐటీలో 1958లో మొదలుపెట్టిండు. దానికి వెనుక 1930లలో అలోంజో చర్చ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు తయారుచేసిన లాంబ్డా కలనం ఉంది. 1970లలో ఎడింబరోలో రాబిన్ మిల్నర్ బృందం ఎంఎల్ అనే భాష చేసింది. దాని వంశంలో ఫ్రాన్స్‌లో ఓకామెల్ వచ్చింది. ఆ దారిలోనే డాన్ సైమ్ అనే ఆయన కేంబ్రిడ్జిలోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలలో ఎఫ్ షార్ప్ తయారుచేస్తే, 2005లో అది బయటికి వచ్చింది. నేను ఇప్పుడు వాడేది ఇదే. ఉచితంగా దొరుకుతది, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తది. ఒక్క దస్త్రంలో రాసి, తిన్నగా నడిపించుకోవచ్చు.

ఇప్పుడు నిర్వచనంలోని రెండు మాటల దగ్గరికి వద్దాం. ముందు "ఒకే ఒక". అదే ఇన్‌పుట్ ఇస్తే అదే జవాబు రావాలె. ఈ రోజు నడిపినా, రేపు నడిపినా, నేను నడిపినా, మీరు నడిపినా. మామూలు స్క్రిప్టుల్లో ఇది తప్పుతది. ఎందుకంటే, అవి వచ్చిన పట్టికనే దిద్దుకుంటూ పోతయి. సగంలో కరెంటు పోతే సగం పట్టిక కొత్తది, సగం పాతది. మళ్లీ నడిపిస్తే దిద్దినదాన్నే మళ్లీ దిద్దుతది. ఎఫ్ షార్ప్‌లో ఒక పేరుకు ఒక విలువ ఇస్తే, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప అది మారదు. పాతదాన్ని చెరిపి రాయడం ఉండదు, పాతదాని నుంచి కొత్తది తయారుచేయడం ఉంటది. సేటు ఖాతా పుస్తకం ఎట్ల రాస్తడో చూడండి. తప్పు పడితే ఆ పద్దును రబ్బరుతో చెరపడు, కింద ఇంకొక పద్దు వేస్తడు. అందుకే పదేండ్ల తర్వాత కూడా ఆ పుస్తకం సాక్ష్యంగా నిలబడుతది. నా స్క్రిప్టులో దస్త్రం చదవడం మొదట్లో, దస్త్రం రాయడం చివర్లో. నడుమ అంతా శుద్ధమైన ప్రమేయాలే. వంద సార్లు నడిపినా అసలు పట్టికకు గీత పడదు.

ఈ ప్రమేయాలను ఒకదానికొకటి జోడించడం కూడా మన పాఠంలోనే ఉంది, సంయుక్త ప్రమేయం. "జీ ఓ ఎఫ్" అని రాస్తే ముందు ఎఫ్ చేయాలె, తర్వాత జీ చేయాలె. రాసేది ఒక వరుస, చేసేది ఇంకొక వరుస. దానికి ఎంతమంది చేతులు వాచినయో ఇక్కడున్నవాళ్లకు తెలుసు. ఎఫ్ షార్ప్‌లో ఆ బాధ లేదు. చేసే వరుసలోనే రాయొచ్చు: పట్టికను చదువు, వరుసలుగా విడదీయి, విస్తీర్ణం గుర్తించు, అనుమానం ఉన్నవి వేరుచేయి, రైతు వారీగా కూడు, రాయి. చదివితే పని వరుస అర్థమైతది. ఒక్కొక్క అడుగునూ విడిగా సరిచూసుకోవచ్చు.

రెండో మాట "ప్రతి". నా దృష్టిలో అసలు విలువ ఇందులోనే ఉంది. ప్రదేశంలోని ఏ మూలకాన్నీ విడిచిపెట్టొద్దు. పట్టికలో విస్తీర్ణం గడిలో ఎన్ని రకాలు వస్తయో మొదట జాబితా రాసుకుంట: సరైన ఎకరాలు-గుంటలు, ఖాళీ గడి, అనుమానం ఉన్న అంకె, అర్థం కాని రాత. ఈ నాలుగు రకాలని భాషకు చెప్త. ఆ తర్వాత ఎక్కడైనా నేను మూడింటికే జవాబు రాసి నాలుగోదాన్ని వదిలేస్తే, స్క్రిప్టు నడవకముందే భాష నన్ను హెచ్చరిస్తది. ప్రదేశంలో ఒక మూలకానికి ప్రతిబింబం లేదు, ఇది ప్రమేయం కాదు అని మా సారు ఎర్ర సిరాతో రాసినట్టే!

కొలతల సంగతి కూడా అంతే. ఎఫ్ షార్ప్‌లో అంకెకు కొలమానం తగిలించొచ్చు. ఇది గుంటలు, ఇది గజాలు అని చెప్తే, గుంటలకు గజాలు కూడబోతే ఒప్పుకోదు. ఇటువంటి తేడా వల్లనే 1999 సెప్టెంబర్‌లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర పోయింది. ఒక ప్రోగ్రాము పౌండ్లలో లెక్క ఇస్తే ఇంకొకటి న్యూటన్లనుకొని తీసుకున్నది. అంత పెద్దవాళ్లకే అట్లయింది.

కాబట్టి నా స్క్రిప్టు 2.10ని అంకెగా చదవనే చదవదు, అక్షరాలుగా చదువుతది. చుక్కకు ఎడమవైపుది ఎకరాలు, కుడివైపుది గుంటలు. కుడివైపు రెండంకెలు ఉండాలె, అవి 39 దాటొద్దు. అన్నిటినీ గుంటల్లోకి మార్చి కూడుతది, చివర్లోనే మళ్లీ ఎకరాలు చేస్తది. మరి గడిలో 2.1 అని ఉంటే? రెండెకరాల ఒక గుంటనా, రెండెకరాల పది గుంటలా? నాకు తెలియదు, యంత్రానికి అసలే తెలియదు. అందుకని స్క్రిప్టు ఊహించదు. ఆ వరుసను "అడగవలసినవి" అనే రెండో పట్టికలో వేస్తది, ఏ ఊరు, ఏ సర్వే నంబరు, ఏం అనుమానం అని పక్కన రాసి. ఆ పట్టిక పట్టుకొని సర్వేయరు దగ్గరికి, అవసరమైతే రైతు దగ్గరికి పోయి పాసుబుక్కు చూసి దిద్దుకొని వస్తం. మంచి స్క్రిప్టు ప్రతిదానికీ జవాబు చెప్పేది కాదు. తనకు తెలియనిదాన్ని మనిషి ముందు పెట్టేది.

టీచర్లు ఇక్కడ చాలామంది ఉన్నరు కాబట్టి ఇంకొక మాట. సున్నా వేరు, లేకపోవడం వేరు. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్న పిల్లగాడు వేరు, పరీక్షకు రాని పిల్లగాడు వేరు, రాసినా మార్కులు ఇంకా నమోదు కాని పిల్లగాడు వేరు. హాజరు పట్టీలో మీరు ఈ తేడా ఎన్నడూ మరవరు. కాని చాలా కంప్యూటర్ భాషల్లో ఈ మూడూ ఒకే ఖాళీ గడిలోకి, ఒకే సున్నాలోకి జారిపోతయి. "ఏమీ లేదు" అనే విలువను ఎక్కడ పడితే అక్కడ రానిచ్చే పద్ధతిని 1965లో తెచ్చిన టోనీ హోర్, దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పు అని 2009లో తానే చెప్పుకున్నడు.

2019 ఏప్రిల్‌లో మన ఇంటర్మీడియట్ ఫలితాలు ఎవరూ మరిచిపోలేదు. పరీక్ష రాసిన పిల్లల మెమోల్లో గైర్హాజరు అని వచ్చింది. ఒక అమ్మాయికి తెలుగులో వచ్చిన 99 మార్కుల చోట సున్నా పడింది. ప్రభుత్వం విచారణ కమిటీ వేసి, తప్పినవాళ్లందరి జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. అప్పటికే ఎన్నో ఇండ్లల్ల విషాదం జరిగిపోయింది. ఆ తప్పులన్నీ ప్రోగ్రాముల్లోనివే అని నేను అనను. ఆ అమ్మాయి సున్నా, దిద్దినవాళ్లు గుర్తు పెట్టడంలో జరిగిన పొరపాటు. ఏ భాష వాడినా ఆ పొరపాటును అది పుట్టిన చోట ఆపలేదు. కాని హాజరు పట్టీలో సంతకం ఉండి మెమోలో గైర్హాజరు ఉంటే, ఆ రెండూ ఒక్క చోట పొసగవని చెప్పి ఆగిపోవడం ఒక చిన్న స్క్రిప్టుకు చేతనయ్యే పనే. పట్టికలో ఒక వరుస అని మనం అనుకుంటం. ఆ వరుస వెనుక ఒక పిల్ల ఉంటది, ఒక పొలం ఉంటది.

ఇంత చెప్పిన తర్వాత ఇబ్బందులు చెప్పకపోతే అన్యాయం అయితది. మొదటిది, ఈ భాషలు తెలిసినవాళ్లు తక్కువ. నేను బదిలీ అయి పోతే నా స్క్రిప్టు చదివేవాళ్లు ఆఫీసులో ఉండాలె కదా. అందుకే ప్రతి స్క్రిప్టు పైన ఏం చేస్తదో తెలుగులో పది వరుసలు రాసిపెడుత. రెండోది, నడిపించగానే స్పందించదు, మొదలు కావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటది. పది దస్త్రాల పేర్లు మార్చడం వంటి పనికి ఇది అక్కర్లేదు, దోమకు రోకలిబండ ఎందుకు? మూడోది, నేర్చుకునేటప్పుడు మొదటి నెల చిరాకు పుడుతది. భాష ప్రతిదానికీ అడ్డం పడుతున్నట్టు ఉంటది. అది అడ్డం కాదు, ప్రశ్న అని అర్థం కావడానికి కొంత కాలం పడుతది. నాలుగోది, పొలంలో గొలుసు తప్పు పట్టి కొలిస్తే ఏ భాషా దిద్దలేదు.

పైథాన్‌లో కూడా ఈ పద్ధతిలో రాసుకోవచ్చు, రాయండి. ఎక్సెల్ సూత్రాలు కూడా ఒక రకంగా ప్రమేయాలే. ఏ గడీ పక్క గడిని చెరపదు, ఇచ్చినదాని నుంచి తన జవాబు తాను తీసుకుంటది. 2020 చివర్లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్సెల్‌లో లాంబ్డా పేరుతోనే సొంత ప్రమేయాలు రాసుకునే వీలు కల్పిస్తున్నమని ప్రకటించిండ్రు. అంటే చర్చ్ గారి 1930ల గణితం ఇప్పుడు మన బడి ఆఫీసు కంప్యూటర్ దాకా వచ్చింది.

కంప్యూటర్ భాష ఏదీ రాకపోయినా పాటించగలిగినవి మూడు చెప్పి ముగిస్త. అసలు పట్టిక మీద ఎన్నడూ పని చేయకండి, నకలు తీసుకొని దాని మీద చేయండి. సర్వే నంబర్లు, ఎకరాలు-గుంటలు, హాల్‌టికెట్ నంబర్లు కొట్టే ముందు ఆ గడులను అక్షరాల గడులుగా మార్చుకోండి. ఖాళీ గడిలో సున్నా వేయకండి, సున్నా ఉన్న చోటును ఖాళీగా వదలకండి.

మన సంఘానికి ఒక ప్రతిపాదన కూడా ఉంది. బడి కంప్యూటర్ గదిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నెలకు రెండు శనివారాలు ఈ పద్ధతి నేర్పడానికి నేను వస్త. లెక్కల టీచర్లు పక్కన ఉంటే చాలు. మొదటి పాఠం ఎకరాలు-గుంటలను తప్పు లేకుండా కూడే ప్రమేయం. పిల్లలు దాన్ని రాసి, ఇంటికి పోయి తమ పాసుబుక్కుతో సరిచూసుకొని రావాలె. లెక్క పొసగకపోతే, ఎందుకు పొసగలేదో నాయనను, తాతను అడిగి తెలుసుకొని రావాలె. మన బడి పిల్లలు "ప్రతి", "ఒకే ఒక" అనే మాటలు పరీక్ష కోసమే కాకుండా, నాయన పొలం కోసం కూడా నేర్చుకున్నరంటే మా సార్ల కష్టం ఫలించినట్టే.